మా మిల్లింగు మిషనుకి కొత్త కొలబద్ద

మా ఈడు తెలుగువాళ్ళకి కొలతలతో ఒక పేచీ ఉంది. ఇంట్లో నేర్చుకున్నవి జాన, మూర, బార. బళ్ళో మొదట అడుగులు, అంగుళాలు. 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చాయి, 1958 అక్టోబరు నుంచి కిలోలు, మీటర్లు మొదలయ్యాయి. మా లెక్కల పుస్తకం చదువు మధ్యలో మారిపోయింది. కష్టపడి మీటర్లకి అలవాటుపడి, చదువు ముగించి, విమానం ఎక్కి ఈ దేశంలో దిగేసరికి ఇక్కడ మళ్ళీ అంగుళాలే! అమెరికా 1975లో మెట్రిక్ చట్టం చేసింది, 1982లో ఆ పని చూసే బోర్డుని ఎత్తేసింది. అంగుళం మాత్రం కదల్లేదు. ఈ రెండు కొలతల్నీ ఒక్క మీట నొక్కి మార్చే చిన్న పెట్టె ఒకటి ఇప్పుడు మా గారేజీలో ఉంది. దాని కథ పాఠకులకి చెప్పాలని ఈ వ్యాసం.

ఇందులో మేము అంటే ఆలుమగలం ఇద్దరం. ఒకరు 1968లో సికిందరాబాదు ప్రాగా టూల్సులో ట్రైనీగా చేరి, తరువాత డెట్రాయిట్ ప్రాంతంలో టూలింగు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. రెండోవారు ఆసుపత్రి లాబరేటరీలో మైక్రోస్కోపు ముందు ఉద్యోగకాలమంతా గడిపిన మనిషి. ఒకరు చెబుతుంటే ఒకరు వ్రాస్తున్నాం. ఎవరు ఏ వాక్యం చెప్పారో మీరే పోల్చుకోండి.

మా మిషను పేరు బ్రిడ్జిపోర్టు. కనెక్టికట్ రాష్ట్రంలో ఆ పేరుగల ఊళ్ళోనే రుడాల్ఫ్ బానో, మాగ్నస్ వాల్‌స్ట్రామ్ అనే ఇద్దరు దీన్ని తయారుచేసి 1938లో అమ్మకానికి పెట్టారు. తిరిగే కట్టరు ఒకచోట ఉంటుంది. దాని కింద బల్ల కుడి ఎడమలకీ, ముందు వెనకలకీ జరుగుతుంది. బల్లమీద బిగించిన లోహాన్ని కట్టరు చెక్కుతుంది. అంతే సూత్రం. 2009లో ఈ చుట్టుపక్కల చిన్న షాపులు వరసగా మూతపడుతున్నప్పుడు వేలంలో కొన్నాం. బరువు రమారమి ఒక టన్ను. కారు బయటికి పోయింది, మిషను లోపలికి వచ్చింది.

మిషనుతో మీకేం పని అని అడిగేవాళ్ళకి మా జవాబు ఒక్కటే: వెట్ గ్రైండరు. ఇండియానుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న గ్రైండరుకి ఇరుసు అరిగినా, కింది పళ్ళెం పగిలినా ఇక్కడ స్పేరు పార్టు దొరకదు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఇడ్లీ పిండిలో సగం మా గారేజీ దయవల్లనే నలుగుతోందని మా స్నేహితులు వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధం కొంచెమే.

2021లో మాలో మిషను మనిషికి కళ్ళు మసకబారాయి. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. పక్కచూపు బాగానే ఉంటుంది, సూటిగా చూసినచోట మాత్రం మబ్బు. మిల్లింగు మిషను మీద ఇది చిన్న చిక్కు కాదు. అంగుళంలో వెయ్యోవంతుని షాపుల్లో థౌ అంటారు. చేతిచక్రం ఒక చుట్టు తిప్పితే బల్ల 200 థౌలు జరుగుతుంది. చక్రం పక్కనున్న డయలు మీద 200 సన్నగీతలు ఉంటాయి. ఆ గీతల్ని లెక్కపెట్టలేని కంటికి మిషను ఉండీ లేనట్టే.

పైగా డయలు చెప్పేది పూర్తి నిజం కాదు. బల్లని జరిపేది ఒక పెద్ద మర, దానిమీద ఒక నట్టు. ఏళ్ళ తరబడి అరిగి వాటి మధ్య వదులు ఏర్పడుతుంది. షాపుల్లో దీన్ని ప్లే అనీ, బ్యాక్‌లాష్ అనీ అంటారు. కాడి వదులుగా ఉన్న బండిని తలచుకోండి. ఎద్దు ఒక అడుగు వేశాక గాని బండి కదలదు. మా మిషనులో కుడి ఎడమల వదులు 20 థౌలు, ముందు వెనకల వదులు 35. చక్రం వెనక్కి తిప్పితే డయలు కదులుతుంది గాని బల్ల కదలదు. అంచేత ఎప్పుడూ ఒకేవైపునుంచి గుర్తుకి చేరాలనీ, దాటిపోతే బాగా వెనక్కి పోయి మళ్ళీ రావాలనీ ప్రాగాలో మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠం ఇప్పటికీ చేతిలోనే ఉంది. గీతలు కనబడడమే పోయింది.

ఏడాదిన్నరపాటు ఇద్దరం కలిసి నడిపాం. ఒకరు చక్రం తిప్పడం, ఒకరు వంగి డయలు చూసి అంకెలు పైకి చదవడం. పని సాగింది గాని, చదివే మనిషి నడుము నొప్పెట్టింది, తిప్పే మనిషి మనసు నొచ్చుకుంది. అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా, "నాన్నా, వేలు తెగేదాకా ఆగకండి, అది అమ్మేయండి" అనేది. ఆ మాటలో తప్పులేదు. ఒక ఆదివారం ప్రకటన కూడా వ్రాసి పెట్టుకున్నాం. పేపరుకి పంపలేదు.

2023 వేసవిలో ప్రకటన పక్కన పెట్టి డిజిటల్ రీడౌట్ తెప్పించాం. కొన్ని వందల డాలర్ల సామాను. రెండు గాజు కొలబద్దలు, రెండు చిన్న తలకాయలు, ఎర్రటి పెద్ద అంకెలు వెలిగే ఒక పెట్టె. ఒక కొలబద్ద బల్ల వెనక, ఒకటి పక్కన. కొలబద్ద బల్లతో కదులుతుంటే తలకాయ కదలకుండా ఉండి ఎంత దూరం జరిగిందో చదువుతుంది. మర ఎంత అరిగినా దీనికి పట్టదు, ఎందుకంటే ఇది మరని చూడదు, బల్లనే చూస్తుంది.

ఈ చదవడం ఎలాగో చెప్పుకోదగ్గ సంగతి. గాజుమీద మిల్లీమీటరుకి 50 చొప్పున గీతలు ఉంటాయి, అంటే గీతకీ గీతకీ మధ్య 20 మైక్రాన్లు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే మూడో వంతు కూడా లేదు. తలకాయలో ఒక దీపం, అవే గీతలున్న మరో గాజుముక్క, వెలుగుని పసిగట్టే కళ్ళు ఉంటాయి. పల్చటి వాయిలు చీర రెండు మడతలు ఒకదానిమీద ఒకటి జరిపితే వెలుగునీడల అలలు కదలడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే. ఆ అలలతో మిషన్ల బల్లల్ని కొలవడం 1950లలో ఎడింబరోలో ఫెరాంటీ కంపెనీవాళ్ళు చేసి చూపించారు. మరి బల్ల ముందుకి పోతోందో వెనక్కి వస్తోందో ఎలా తెలుస్తుంది? గీత ఎడంలో పావువంతు తేడాతో రెండు కళ్ళు పెడతారు. ఇంటికి రెండు గడపలున్నాయనుకోండి. ఏ గడప ముందు తొక్కారో చూస్తే వచ్చేవాళ్ళో పోయేవాళ్ళో తెలిసిపోతుంది. రెండు కళ్ళ లెక్క కలిపితే 20 మైక్రాన్లు నాలుగు భాగాలై 5 మైక్రాన్లకి ఒక మెట్టు పడుతుంది. అంటే థౌలో అయిదో వంతు.

బిగించడానికి మాకు మూడు శనివారాలు పట్టింది. పోతఇనుముని నూనె లేకుండా పొడిగానే డ్రిల్లు చెయ్యాలి. నల్లటి పొడి ముక్కులదాకా వచ్చింది. పోతపోసిన ముఖం సమంగా ఉండదు గనక మధ్యలో అల్యూమినియం పట్టీ పెట్టి, మూలల్లో చిన్న మరలతో ఎత్తు సరిచేశాం. మిషను మరలు అంగుళాలవి, పెట్టెతో వచ్చిన మరలు మిల్లీమీటర్లవి. మా బతుకులాగే ఇక్కడా రెండూ పక్కపక్కనే.

కొలబద్ద బల్ల కదిలే దారికి సమాంతరంగా ఉండాలి. డయల్ ఇండికేటరు పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నాలుగు థౌల లోపుకి తెచ్చాం. ఈ పని మైక్రోస్కోపు మనిషిది. నిజానికి వంకరవల్ల కొలతలో వచ్చే తప్పు చాలా స్వల్పం. 30 అంగుళాల పొడుగులో పావు అంగుళం వంకరపోతే గాని ఒక థౌ తేడా రాదు. అసలు భయం వేరు. వంకరగా ఉంటే తలకాయ గాజుకి ఒరుసుకుని పాడవుతుంది. కొలబద్దకి రబ్బరు పెదవులున్న వైపు కిందికి ఉండాలి, లేకపోతే లోహపు తురుము, నూనె లోపలికి దిగుతాయి. తీగలు బల్లతోపాటు సాగేలా కొంత వదులుగా వదలాలి. చేయించుకునేవాళ్ళు ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే చాలు.

పెట్టె నిజం చెబుతోందో లేదో స్లిప్ గేజులు పెట్టి చూశాం. ఈ గేజుల్ని కనిపెట్టిన స్వీడను దేశస్థుడు కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ 1923లో మా పక్కనున్న డియర్‌బార్నుకే వచ్చి ఫోర్డు కంపెనీలో చేరాడు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు అని పట్టుకుని గేజులు చేసినవాడు ఆయన. ఇంగ్లీషు మాట్లాడే కొన్ని దేశాలు కలిసి ఆ అంకెని ఒప్పుకున్నది 1959లో. మేము ఇండియాలో మీటర్లు నేర్చుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ అంగుళం మీటరుకి చుట్టమైపోయిందన్నమాట! పెట్టెమీద మీట నొక్కినప్పుడు జరిగేది ఆ 25.4 తో గుణకారమో భాగహారమో, అంతకుమించి ఏమీ లేదు.

గ్రైండరు పళ్ళేనికి మూడంగుళాల వృత్తంమీద ఆరు కన్నాలు కావాలి. పూర్వం కాగితంమీద లెక్క వేసేవాళ్ళం: కేంద్రంనుంచి ఒక కన్నం 1.500 దూరంలో, పక్కది అడ్డంగా 0.750, నిలువుగా 1.299, అలా ఆరూ. ఇప్పుడు వృత్తం వ్యాసం, కన్నాల సంఖ్య చెబితే పెట్టే లెక్క కడుతుంది. అంకెలు సున్నాకి వచ్చేదాకా చక్రం తిప్పితే కన్నం అక్కడే. ఎర్రటి అంకెలు పెద్దవి గనక, సూటిగా కాక కొంచెం పక్కకి తిరిగి చూస్తే మసక కంటికీ అందుతున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రీడౌట్ వదులుని చూపుతుంది గాని పోగొట్టదు. కట్టరు తిరిగే దిక్కులోనే బల్లని తోస్తే, ఆ 20 థౌల వదులు మేర కట్టరు బల్లని తనవైపు లాక్కోగలదు. అప్పుడు కట్టరు విరుగుతుంది, లేదా పని పాడవుతుంది. అంచేత మేస్త్రీ పాఠం మేము మానలేదు. పని పట్టేముందు బల్లని బిగించే లాకులూ మానలేదు. కంటి సంగతీ అంతే. పెట్టె కన్ను బాగుచెయ్యలేదు, కంటితో చెయ్యవలసిన పనిని తగ్గించింది.

అమ్మాయికి మేము ఒక మాట ఇచ్చాం. మిషను తిరుగుతుండగా గారేజీలో ఇద్దరం ఉండాలి, కట్టరు దగ్గరికి వెళ్ళే చెయ్యి బాగా కనబడేవారిదే కావాలి. ఆ నియమంవల్ల అనుకోని మార్పు వచ్చింది. డయలు చదివే పని తప్పాక మైక్రోస్కోపు మనిషికి చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులు చక్రం పట్టుకున్నాయి. ఇప్పుడు పని బిగించి, చక్రాలు తిప్పి కన్నం వేసేది ఆవిడ. స్టూలుమీద కూచుని కట్టరు చప్పుడు విని, "ఎక్కువ తోస్తున్నావు, తగ్గించు" అనేది ఆయన. చప్పుడు వినడంలో ఆయన చెవికి ఒక థౌ కూడా తేడా రాలేదు. ఆ వినికిడి ఏ పెట్టెలోనూ అమ్మరు, అందుకే ఉన్నన్నాళ్ళూ నేర్చుకుంటున్నాం.

గ్రైండరు పార్టులు బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళు ఎప్పటిలాగే శనివారాలు తేవచ్చు. పగిలిన ముక్కలు పారెయ్యకుండా తెండి, కొలతకి అవే ఆధారం. అంగుళాలా, మిల్లీమీటర్లా అని మీరేమీ తేల్చుకోనక్కర్లేదు, ఆ సంగతి మీట చూసుకుంటుంది. ఒక్కటే మనవి: పార్టు మాకిచ్చి, అది తిరిగి చేతికొచ్చాకనే పప్పు నానబొయ్యండి.