పొగలు కక్కిన బ్రేకులు

కొండ దిగాక సైకిలు వెనక చక్రం హబ్బు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ ఊరి చుట్టూ కొండలెక్కిన ఆనాటి కుర్రాళ్లకు ఇప్పుడు తాతల వయసు. తొలి సైకిలు మాటెత్తితే వాళ్లకు గుర్తొచ్చేది ఆ వేడీ, ఆ పొగే!

అవేం కొత్తవి కావు. 1930, 40ల నాటి ష్విన్ పాత సైకిళ్లు. లావుపాటి టైర్లు, 20 కిలోల బరువు. జో బ్రీజ్ 1941 నాటి బండిని 5 డాలర్లకే కొన్నాడు. మడ్‌గార్డులు ఊడబీకి కొండెక్కించడమే. ఎక్కించడమంటే... చాలామట్టుకు తోసుకుపోవడమే లెండి.

ఎవరు ముందు దిగుతారో తేల్చుకోవాలని 1976 అక్టోబరు 21న పోటీ పెట్టుకున్నారు. 3 కిలోమీటర్లకు పైగా మట్టిదారి, దాదాపు 400 మీటర్ల దిగుడు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకే దిక్కు. కిందికొచ్చేసరికి హబ్బులో గ్రీజు కాగి పొగైపోయేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితేగానీ ఇంకోసారి దిగే వీల్లేదు. ఆ కూరడాన్నే ఇంగ్లిషులో ‘రీప్యాక్’ అంటారు. పోటీకీ దారికీ అదే పేరు పడింది.

మొదటిరోజు గెలిచింది అలన్ బాండ్స్. పడకుండా దిగింది అతనొక్కడే మరి! తర్వాతి పోటీల్లో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు కొట్టాడు.

1977లో బ్రీజ్ కొండల కోసమే కొత్త సైకిలు కట్టాడు. దానికి గేర్లు, రెండు చక్రాలకూ చేతి బ్రేకులు. దానిమీదే రీప్యాక్ గెలిచాడు. ఆ సైకిలు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. చేతి బ్రేకులొచ్చాక గ్రీజు కూరే పని తప్పింది. దారిని మాత్రం ఇప్పటికీ రీప్యాక్ అనే పిలుస్తారు.