ఆకలి కానివ్వండి

ఆళ్లగడ్డ పల్లెల నుంచి నంద్యాలలో నా దగ్గరికి వైద్యానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు ఎక్కువగా చెప్పే మాట ఒకటే. "అన్నం తినడంల్యా సార్. ఆకలికి ఏదన్నా టానిక్ రాయండి."

అలా వచ్చిన ఒక మూడేళ్ల అబ్బికి పెదవులు కూడా పాలిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదంది వాళ్లమ్మ. గంట గంటకూ ఏం పెట్టారో అడిగితే అసలు సంగతి తెలిసింది. లేస్తూనే పాలు, కాసేపటికి టీలో బన్ను, అంగడి నుంచి చిప్స్ ప్యాకెట్, మధ్యాహ్నం సెల్లు చూపిస్తూ నాలుగు ముద్దల పెరుగన్నం, మళ్లీ పాలు. రోజుకు లీటరు దాకా పాలే. హిమోగ్లోబిన్ 8 దాటలేదు. ఆ వయసుకు కనీసం 11 ఉండాలి.

ఆ బిడ్డకు ఆకలి లేకపోవడం జబ్బు కాదు, ఆకలి పుట్టేంత వ్యవధి ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. రక్తానికి కావాల్సిన ఇనుము పాలలో లేనట్టే. అర లీటరు మించితే కడుపు నిండిపోయి తిండికి చోటుండదు. టీ అయితే తిన్నదాంట్లోని ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఐరన్ సిరప్ రాశాను. పాలు రెండు చిన్న గ్లాసులకు తగ్గించి, టీ మాన్పించమన్నాను. ప్యాకెట్లు ఇంట్లోకే రాకూడదు, నాన్న తెచ్చుకునేవి కూడా. "పిల్లోడు పస్తుంటాడే సార్!" అని వాళ్లవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నువ్వు చూసుకో అవ్వా, ఎంత తినాలో వానికే వదిలెయ్" అన్నాను. అందరూ ఒక్కచోట కూర్చుని తినమన్నాను, సెల్లు లేకుండా.

మళ్లీ వచ్చినప్పుడు అవ్వే చెప్పింది, తన పళ్లెంలోని జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటున్నాడని. వాడికోసం వేరే ఏమీ వండలేదట.

నంద్యాల తెల్లజొన్న, సూర్యనంది కొర్ర మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాలే. ఆ ఊరి పిల్లలే మూడు పూటలా తెల్లన్నంతో పెరగడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో 1 మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు, జొన్నల్లో 4 దాకా ఉంటుంది. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. బుడ్డలు (వేరుశనగలు) మంచివే గానీ చిన్నపిల్లలకు గింజలుగా పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పొడిగానో పచ్చడిగానో పెట్టండి.

కొత్త కూర ఉమ్మేశాడని మానెయ్యకండి. కొందరు పిల్లలకు పదిసార్లకు పైగా నోటికి తగిలితే గానీ రుచించదు. తిట్టి, కొట్టి మాత్రం తినిపించొద్దు. బిడ్డ పాలిపోయినట్టున్నా, మట్టీ బలపాలూ తింటున్నా టానిక్ కొనకముందే రక్తపరీక్ష చేయించండి.