శివారు దాకా చేరని పాఠం

పాఠం పంపడం వేరు, పాఠం చెప్పడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ కొన్నేళ్లలో నష్టపోయింది నేను కాదు, నా దగ్గర చదువుకున్న పిల్లలు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను విజయవాడలో ఉంటాను. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. కంప్యూటరన్నా ఫోనన్నా మొదటినుంచీ ఇష్టం. స్టాఫ్‌రూములో ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఫోనుతో పనులు చేయడం తెలుసు కాబట్టి ఫోనుతో చదువు చెప్పడమూ తెలుసనే అనుకున్నాను. అసలు తప్పు అక్కడ మొదలైంది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆకాశవాణిలోనూ దూరదర్శన్ సప్తగిరిలోనూ పదో తరగతి పాఠాలు మొదలయ్యాయి. కొత్త విద్యాసంవత్సరంలో నేను తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల నంబర్లన్నీ సేకరించి వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఇంట్లో గోడకు బోర్డు బిగించి, పాఠాలు వీడియో తీసి పంపేవాణ్ని. గ్రూపులో పెట్టిన సందేశాన్ని అందరూ తెరిస్తేనే గీతలు నీలంగా మారతాయి. ఎవరెవరు తెరిచారో విడిగా చూసుకునే వీలూ ఉంది. రాత్రి పడుకోబోయే ముందు ఆ జాబితా చూసి, తెరిచినవాళ్ల పేర్ల పక్కన టిక్కు పెట్టుకునేవాణ్ని. నా లెక్కలో వాళ్లు పాఠం చదివినట్టు. ఎప్పుడూ జవాబు ఇవ్వని ఒక అమ్మాయి పేరు పక్కన ఎర్ర సిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాశాను. ఒక్కసారైనా ఫోను చేసి ఎందుకని అడగలేదు.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. ఆ అమ్మాయి మొదటిరోజే వచ్చింది. వీడియోలు ఎందుకు చూడలేదని అందరి ముందూ అడిగాను.

“ఫోను మా నాన్న దగ్గరుంటది సార్. నాట్లప్పుడు పొద్దున్నే పట్టుకుపోతాడు. చీకటి పడ్డాక వస్తాడు. అప్పటికి ఛార్జింగు ఉండదు” అంది.

సోషల్ పుస్తకం తీసి చూపించింది. పక్కింట్లో ఇంటర్ చదివే అక్కను అడిగి, అర్థం కాని ప్రతి పేరా పక్కనా పెన్సిలుతో రాసుకుంది. నేను టిక్కు పెట్టిన పిల్లల్లో చాలామందికి ఆ పాఠాల్లో మొదటి ప్రశ్నకే జవాబు రాలేదు. వాళ్ల ఇళ్లలో వీడియో తెరిచింది అమ్మో, అన్నయ్యో, పొరపాటున వేలు తగిలిన తాతయ్యో. అది వాట్సాప్‌కు తెలియదు. నాకు తెలిసి ఉండాలి.

మా కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాలువకు నీరు వదిలామని పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన శివారు పొలం తడవదు. ఎగువన ఉన్న చేలు తాగాక చివరి మడికి చేరిందా లేదా అన్నదే లెక్క. నేను లాకు దగ్గర నిలబడి నీరు వదిలి, శివారు దాకా నడిచి చూడకుండానే పంట బాలేదని రైతును నిందించాను.

రెండో తప్పు మార్కుల జాబితా. స్లిప్ టెస్టు పెట్టి, ఎక్కువ వచ్చినవాళ్లను పైన, తక్కువ వచ్చినవాళ్లను కింద వేసి గ్రూపులో పెట్టాను. పోటీ పెరుగుతుందని నా ఉద్దేశం. చివరి పేరున్న అబ్బాయి మర్నాడు బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది. “వాడికి రాకపోతే నాతో చెప్పండి సార్. ఊరందరి ఫోన్లలోకీ ఎందుకు పంపారు?” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం నాలుగు రోజులకు చింపేస్తాం. ఫోన్లోకి వెళ్లిన జాబితాను మనం తీసేసేలోపే ఎవరెవరో దాచుకుంటారు, ఎవరెవరికో పంపుతారు. వాళ్లింటికి వెళ్లి, ఆ అబ్బాయి ఎదురుగానే క్షమించమని అడిగాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం రాకముందే నాకు ఆ విచక్షణ ఉండాల్సింది.

మూడోది నా సొంత పనికి సంబంధించింది. ఏళ్ల తరబడి తయారుచేసిన ప్రశ్నపత్రాలు, నోట్సు అంతా విజయవాడ డీటీపీ సెంటర్లలో ‘అను’ ఫాంట్లలో కొట్టించాను. కాగితం మీద అందంగా వచ్చేవి. వాటిని పిల్లల ఫోన్లకు పంపాలనుకున్నప్పుడు తెర మీద అక్షరానికి బదులు అర్థంలేని గుర్తులు కనిపించాయి. ఆ ఫాంటున్న కంప్యూటర్లో తప్ప మరెక్కడా అవి చదవడానికి పనికిరావు. యూనికోడ్‌లో ఉంటే ఏ ఫోనైనా చదువుతుంది, వెతికితే దొరుకుతుంది, చూపులేని పిల్లవాడికి ఫోనే చదివి వినిపిస్తుంది. గూగుల్ 2017లోనే తెలుగుకు వాయిస్ టైపింగ్ ఇచ్చింది. నేను చెబుతుంటే ఫోను రాసుకుంటుంది, తప్పులు నేను దిద్దుకుంటాను. ఇప్పుడు నా నోట్సంతా అలాగే మళ్లీ రాస్తున్నాను. తోటి టీచరు అడిగితే వెంటనే పంపగలుగుతున్నాను.

ఇవన్నీ జరిగాక కూడా అసలు సంగతి నాకు పూర్తిగా ఎక్కలేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. 4.59 లక్షల మంది పిల్లలకు, 59 వేల మంది టీచర్లకు పాఠాలు నింపిన ట్యాబులు. నెట్ లేకపోయినా పాఠం వస్తుంది, ఎవరి ట్యాబు వాళ్ల చేతిలోనే ఉంటుంది. నా పాత సమస్య తీరిపోయిందనుకున్నాను. “తెరిచి చూసుకోండి” అని చెప్పి, ఆ పీరియడ్లో రిజిస్టర్లు పూర్తిచేసుకున్న రోజులు ఉన్నాయి. తరగతి నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

మరుసటి ఏడాది తరగతి గదుల్లోకి పెద్ద తెరల ప్యానెళ్లు వచ్చాయి. నదుల పాఠంలో నైలు డెల్టా వీడియో వేశాను. చక్కటి వీడియో. అయిపోయాక మన ఊరు ఎక్కడుందని అడిగితే ఒక్కరూ డెల్టాలో అనలేదు. “డెల్టా ఈజిప్టులో ఉంటది కదా సార్” అన్నాడొకడు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య చుట్టాలున్న పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్ల నేల గురించి వాళ్లను ఒక్క మాటా అడగకుండా ఈజిప్టు చూపించాను. పరికరం వాళ్ల కళ్ల ముందున్నా పాఠం ఇంకా నా చేతిలోనే ఉండిపోయింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. బడి తెరిచాక ఒక అమ్మాయి అడిగింది, “కృష్ణ ఇటు బ్యారేజీ దగ్గరుంటే సింగ్‌నగర్‌కి నీళ్లెట్లా వచ్చినయ్ సార్?” ఆమె పిన్ని కుటుంబం డాబా మీద తలదాచుకుంది. ఈసారి నేను వీడియో వెతకలేదు. ప్యానెల్ మీద ఉపగ్రహ చిత్రాల పటం తెరిచి ఆ అమ్మాయినే పిలిచాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి బుడమేరు దారిని వేలితో గీశారు. మైలవరం వైపు కొండల్లో మొదలు, వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అక్కడినుంచి కృష్ణలోకి మళ్లించే కాలువ, పాత దారి నగరం ఉత్తరం పక్కగా కొల్లేరుకు, కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. మళ్లింపు కాలువకు గండ్లు పడితే నీరు ఎటు వెళ్తుందో వాళ్లే చెప్పారు. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని చెప్పాను. కృష్ణే అంత నిండుగా ఉంటే బుడమేరు అందులోకి ఎలా దిగుతుందని వెంటనే ఒకడు అడిగాడు. ఏ వీడియోతోనూ నాకు అలాంటి ప్రశ్న రాలేదు.

గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏడాదికొక చిత్రం కదులుతూ కనిపిస్తుంది. కొల్లేరు మీద పెట్టి నడిపితే చేపల చెరువుల గళ్లు ఎలా కమ్ముకొచ్చాయో పిల్లలు చూశారు. ఇంటికి ఒక పని ఇచ్చాను: మీ పెద్దవాళ్లు చూసిన వరద గురించి అడిగి తీసుకురండి, ఫోను దొరికితే రికార్డు చేయండి, దొరకకపోతే నోటుబుక్కులో రాయండి, రెంటికీ ఒకే మార్కులు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పిన మాటలు అలా తరగతికి వచ్చాయి. ఫోను లేనందువల్ల ఆ పని చేయలేకపోయిన పిల్లలు ఒక్కరూ లేరు.

ఇప్పుడు ఏడాది మొదట్లో ప్రతి ఇంటి గురించి మూడు సంగతులు అడిగి రాసుకుంటున్నాను. ఫోను ఎవరిది, ఏ వేళకు ఇంట్లో ఉంటుంది, రీఛార్జి ఉంటుందా. వీడియోకు బదులు మాట రికార్డు చేసి పంపుతున్నాను. పది నిమిషాల వీడియోకు పదుల ఎంబీలు ఖర్చయితే, అంతసేపటి మాటకు రెండు మూడు ఎంబీలు చాలు. గ్రూపులో పంపింది ఏదైనా మర్నాడు పొద్దున బోర్డు మీద రాస్తాను. మార్కులు ఎవరివి వాళ్లకే చెబుతాను. పిల్లల ఫొటోలు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే తప్ప పెట్టను.

తోటి టీచర్లకు నా మనవి ఒక్కటే. కొత్త పరికరాలు నేర్చుకోండి, తరగతిలో వాడండి, వాటితో జరిగే మేలు నిజం. కానీ పాఠం పంపే ముందు ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉందో అడగండి. జవాబు రాని పిల్లల పేరు పక్కన ఏదైనా రాసే ముందు వాళ్లింటికి వెళ్లి రండి.