పాతాళంలో పాలివాటా

భూమికి రత్నగర్భ అని పేరు పెట్టిన మన పూర్వులు ఆ గర్భంలోని సొత్తు ఎవరిదన్న ప్రశ్నను కూడా విడిచిపెట్టలేదు. దొరికిన నిధిలో రాజుకు ఎంత, దొరికించుకొన్నవానికి ఎంత అని స్మృతులు లెక్కలు చెప్పినవి. అయితే ఆ నిధి కదలనిది. బిందెలో పాతిన బంగారం పక్కపొలంలోకి పారిపోదు. చమురు, సహజవాయువు అట్లు కావు. ఒకచోట బావి తవ్వితే పొరుగువాని కింద ఉన్నది కూడా ఇటు రావచ్చును. అప్పుడు అది ఎవరిది?

మన కోనసీమ రైతుకు ఈ ప్రశ్న రాదు. మన దేశంలో చమురు తీయుటకు లైసెన్సు, లీజు ప్రభుత్వం నుండి రావలసినవే. నేలమీది బావుల రాయల్టీ రాష్ట్రప్రభుత్వానికి చేరుతుంది. రైతుకు దక్కేది భూమి పైభాగానికి ఇచ్చే పరిహారమే. అమెరికాలో చాలాచోట్ల భూగర్భ ఖనిజం ప్రైవేటు ఆస్తి. అంతేకాదు, పైనేలను అమ్మి కింది ఖనిజహక్కును తమకే ఉంచుకోవచ్చును. తాత అమ్మిన పొలంలో వేరెవరో గోధుమ పండించుకొంటుంటే, దాని అడుగున ఉన్నది మనుమలకు వారసత్వంగా రావచ్చునన్నమాట.

మా అమ్మాయి ఓక్లహోమాలో ఉండుట వలన అక్కడ కొన్ని నెలలు గడిపినప్పుడు ఈ సంగతులు తెలిసినవి. పొరుగున ఒక వృద్ధురాలు, నర్సుగా పనిచేసి విరమించినవారు, తమకు వచ్చిన ఒక ఆజ్ఞాపత్రాన్ని మా అమ్మాయికి చూపించారు. వారి తాతగారి 160 ఎకరాల ఖనిజహక్కు నలుగురు బిడ్డలకు, ఆపైన ఒక్కొక్కరి నలుగురు బిడ్డలకు పంచగా, వీరి పాలికి వచ్చినది 10 ఎకరాలు. "నేను సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?" అన్నది వారి ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు. జవాబు కోసం నూరేళ్ళకు పైగా వెనుకకు పోవలసివచ్చినది.

1889లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఒక తీర్పులో చమురును, వాయువును అడవిమృగాలతో పోల్చినది. తన నేలపై ఉన్నంతవరకే అవి తనవి. పొరుగునేలకు పోయి పొరుగువానికి చిక్కితే వానివి. ఎవరు ముందు పట్టుకొంటే వారిదే అన్న ఈ న్యాయం ఫలితాన్ని 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ లోకానికి చూపినది. పక్కవాడు తోడకముందే తోడవలెనన్న ఆత్రంతో ఆ చిన్న గుట్టపై బావులు ఒకదాని నొకటి ఒరుసుకొన్నట్లు లేచినవి. భూగర్భంలోని ఒత్తిడి పడిపోయి, తీయగలిగినది కూడా అడుగునే మిగిలిపోయినది.

ఈ వృథాను అరికట్టుటకు పుట్టినదే డ్రిల్లింగ్ యూనిట్. ఓక్లహోమా 1935లోనే ఇందుకు చట్టం చేసినది. ఒక బావి ఎంత మేర నుండి చమురు లాగగలదో అంచనా వేసి, అంత నేలకు ఒక గీత గీస్తారు. 40 ఎకరాలు కావచ్చును, చదరపు మైలు అయిన 640 ఎకరాలు కావచ్చును. ఆ గీత లోపల ఉన్నవారందరు బావి ఎవరి కింద పడినా ఎకరాల చొప్పున పంచుకొంటారు. ఒప్పుకోని వారిని కూడా అందులో చేర్చుటకు ఆ రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్ ఆజ్ఞ ఇవ్వగలదు. దానిని పూలింగ్ అంటారు. అమరావతి పుణ్యమా అని ఈ మాట మనకు కొత్త కాదు గాని, అక్కడ ఇచ్చినది నేల. ఇక్కడ నేల కదలదు, కాదనే హక్కు మాత్రం పోతుంది.

ఆ ఆజ్ఞలో సాధారణంగా కొన్ని మార్గాలు చూపుతారు. బావి ఖర్చులో తన వంతు పెట్టి భాగస్వామి కావచ్చును. లేదా కొంత రొక్కము తీసుకొని తక్కువ రాయల్టీకో, రొక్కము తగ్గించుకొని ఎక్కువ రాయల్టీకో ఒప్పుకోవచ్చును. గడువు మామూలుగా 20 రోజులు. బదులివ్వకపోతే ఆజ్ఞలోనే నిర్ణయించిన ఒక మార్గాన్ని ఎంచుకొన్నట్లు లెక్క. మౌనం అర్ధాంగీకారమని మనము అంటాము. అక్కడ మౌనం పూర్ణాంగీకారము. ఆ వృద్ధురాలి ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంతవరకు నిలువుబావి కథ. ఇప్పటి బావి రెండు మైళ్ళ లోతుకు దిగి, అక్కడ అడ్డముగా తిరిగి, మరొక రెండు మైళ్ళు పోగలదు. ఒక చదరపు మైలు గీత దానికి చాలదు. అందుచేత ఉత్తర డకోటాలోని బాకెన్ ప్రాంతంలో రెండు సెక్షన్లు కలిపి 1280 ఎకరాల యూనిట్లు వాడుక అయినవి. ఓక్లహోమా మరొక దారి పట్టినది. యూనిట్లను అట్లే ఉంచి ఒకే బావి రెండుమూడింటి గుండా పోవుటకు 2011లో షేలు రాతిపొరలకు, 2017లో ఇతర పొరలకు కూడా అనుమతించినది.

ఈ రెండు దారులకు తేడా లెక్కలో తెలుస్తుంది. 10 ఎకరాలు, 3/16 రాయల్టీ అనుకొందాము. 640 ఎకరాల యూనిట్‌లో బావికి నూరు డాలర్లు వస్తే ఆ యజమానికి సుమారు 29 సెంట్లు. 1280 ఎకరాలయితే సుమారు 15 సెంట్లు. సగమైనదని వెంటనే బెంగపడనక్కరలేదు. బావి కూడా రెట్టింపు పొడవు. ఓక్లహోమా పద్ధతిలోనయితే బావి పొడవులో ఎంత భాగం ఏ యూనిట్‌లో ఉన్నదో ఆ చొప్పున రాబడి విడిపోతుంది. మూడింట ఒక వంతు మాత్రమే తన సెక్షన్ కింద ఉంటే వచ్చేది పది సెంట్లే. తన కింది రాయి ఎంత సారవంతమైనదో ఆ కొలబద్దకు తెలియదు. ఖర్చు పెట్టి భాగస్వామి కావలెనంటే, కోటి డాలర్ల బావి పూర్తిగా తన యూనిట్‌లోనే ఉన్నదనుకొన్నా, ఆ 10 ఎకరాల వంతు 1,56,250 డాలర్లు. పింఛనుపై బ్రతికేవారికి అది పేరుకు మాత్రమే మార్గము.

నాకు దీనిలో తోచిన కీలకము వేరొకటి. కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయం చదువుకొన్న రోజులలో అవిభక్త కుటుంబపు ఆస్తి గురించి నేర్చుకొన్నాము. ఉమ్మడిలో ఉన్నంతకాలం ఫలానా గట్టు లోపలిది నాదని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. యూనిట్ కూడా అటువంటి ఉమ్మడియే. కాని ఉమ్మడిలో ఇమడలేనివాడు విభాగం కోరవచ్చును. ఈ పాతాళపు ఉమ్మడిలో పాలివాళ్ళు ఎవరో తెలియదు, వేరుపడే వీలూ లేదు.

పైగా పాత గీతకు ప్రకృతిలో ఒక ఆధారం ఉండేది. బావి ఎంత మేర నుండి లాగుతుందో అంత అని. షేలురాయిలో చమురు తనంత తాను ఎక్కువ దూరం కదలదు. రాతిని పగులగొట్టిన మేరకే వస్తుంది. కనుక నేటి గీతను గీసేది చాలావరకు యంత్రం చేయి చాచగల దూరము. చట్టం పుట్టినది పొరుగువాని ఆత్రం నుండి చిన్న యజమానిని కాపాడుటకు. ఆ పని నేటికీ చేస్తున్నది. యూనిట్ లేకుంటే పదెకరాల వారిని పట్టించుకోకుండా చుట్టూ తవ్వుకొని పోయేవారు. అయితే రక్షణకు వెలగా తీసుకొన్న కాదనే హక్కును యంత్రం సౌకర్యానికి కూడా ధారపోయుట న్యాయమా? కాదని నా అభిప్రాయము. కాదనే హక్కు తీసుకొన్నప్పుడు ఇచ్చే రొక్కమూ, రాయల్టీ, పంపకపు కొలబద్దా మరింత ఉదారంగా ఉండవలెను.

లీజు రాసుకొనేవారికి మరొక మెలకువ అవసరము. ఒక్క బావి నడుస్తున్నంతకాలం యూనిట్ బయటి నేల కూడా లీజులోనే బందీ కావచ్చును. దీనికి విరుగుడుగా 1947లో లూసియానాలో పూ అనే న్యాయవాది రాసిన షరతు నేటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉన్నది. యూనిట్‌లో చేరని నేలను విడిపించుటే దాని సారము. టెక్సాస్‌లో బలవంతపు పూలింగుకు 1965 నాటి చట్టం ఉన్నా వాడుక బహుస్వల్పం; అక్కడ లీజులోని మాటే శాసనము. ఆ ప్రాంతాలలో ఇళ్ళూ పొలాలూ కొనే మనవారు దస్తావేజులో ఖనిజహక్కు ఉన్నదో, పూర్వపు యజమాని ఉంచుకొన్నాడో ముందుగా చూచుకొనుట మేలు.

ఆ వృద్ధురాలు పత్రాన్ని ఒక న్యాయవాదికి చూపించి, రొక్కము తగ్గించుకొని ఎక్కువ రాయల్టీ వచ్చే మార్గం కోరుతూ పద్దెనిమిదవ రోజున రిజిస్టరు తపాలాలో బదులు పంపారు. ఈ విషయంలో అనుభవం కలిగిన చదువరులెవరైనా ఉంటే తమ మాట కూడా జోడించగలరు.