డవ్ నదీతీరమున కాలినడక

ఇంగ్లండు నడుమ డార్బిషైర్, స్టాఫర్డ్‌షైర్ అను రెండు మండలములకు ఎల్లయై ప్రవహించు డవ్ చిన్న నది. కృష్ణాగోదావరులను చూచి పెరిగిన కన్నులకు అది పంటకాలువగానే తోచును. పలుచోట్ల ఈ గట్టున నిలిచి విసరిన రాయి అనాయాసముగా ఆవలి గట్టున పడును. అయినను ఆ సన్నని పాయ సున్నపురాతిని కోసికొని తనకై ఏర్పఱచుకొన్న డవ్‌డేల్ అను లోయను చూచుటకు ఏటేట లక్షలాది జనులు వచ్చుచుందురు. వారిలో కొండలెక్కు సాహసికులకన్న చేతికఱ్ఱ పట్టిన వృద్ధులు, బిడ్డలను వీపున కట్టుకొన్న తల్లులు, ఉపాధ్యాయుని వెంట వరుసదీరిన బడిపిల్లలు అధికము. నది ప్రక్కనే సాగు బాట కావున పెద్ద ఎక్కుడులు లేవు. లోయ ముఖము నుండి మిల్‌డేల్ అను పల్లెవఱకు సుమారు 5 కిలోమీటర్లు. నేను పోయినదియు ఆ సుగమమైన నడక కొఱకే.

ఈ లోయను ఎఱుగవలెనన్న మొదట దాని రాతిని ఎఱుగవలెను. సుమారు 33 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ భూభాగము భూమధ్యరేఖకు చేరువలో, లోతులేని వెచ్చని సముద్రము క్రింద ఉండెను. ఆ నీట పుట్టి గిట్టిన ప్రాణుల గుల్లలును కంకాళములును అడుగున పొరలుపొరలుగా పేరుకొని కాలక్రమమున సున్నపురాయి అయ్యెను. లోయకు ద్వారపాలకులవలె నిలిచిన థార్ప్ క్లౌడ్, బన్‌స్టర్ అను కొండలు ఆనాటి సాగరగర్భములోని దిబ్బలే. చుట్టునున్న మెత్తని రాయి అరిగిపోగా ఈ గట్టిభాగములు మిగిలినవి. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసువాయువును గ్రహించి కొంచెము ఆమ్లగుణము పొంది, రాతిపగుళ్లలో దిగి, సున్నమును కరగించును. మన కర్నూలు సీమలో బెలుం గుహలను తొలిచినదియు నీటికిగల ఈ గుణమే. డవ్‌డేల్‌కు పొరుగుననే పాఱు మానిఫోల్డ్ నది వేసవిలో వెట్టన్ మిల్ అను చోటికి దిగువను భూమిలోనికి ఇంకిపోయి, కొన్ని మైళ్లు కంటికి కానరాక, ఐలమ్ ఉద్యానమున బుగ్గలై తిరిగి పైకుబుకును. ఎండిన గులకరాళ్ల నదీగర్భమును ఒకచోట చూచి, నిండుగా పొంగు బుగ్గను వేఱొకచోట చూచినవానికి, రెండును ఒకే నీరని చెప్పిననే గాని నమ్మకము కలుగదు.

థార్ప్ క్లౌడ్ పాదమున నదికి అడ్డముగా దాటురాళ్లు వేసియున్నవి. అందఱును వానిమీదుగనే ఆవలికి పోవగోరుదురు. ఎదుటివారు దాటువఱకు ఈవలివారు గట్టున ఓపికగా నిలుతురు. నాకు ముందున్న బాలుడొకడు ప్రతి రాతిమీదను కొంతసేపు నిలిచి నీటిలోనికి చూచుచుండెను. వెనుక పదుగురు వేచియున్నను ఎవ్వరును వానిని తొందరపెట్టలేదు. ఆవలి గట్టున కొంతదూరము పోగా బాట నదిని విడిచి లవర్స్ లీప్ అను గుట్టపైకి రాతిమెట్లుగా లేచును. రెండవ ప్రపంచయుద్ధమున బందీలుగా వచ్చిన ఇటలీ సైనికులు ఈ మెట్లను కట్టిరని చెప్పుదురు. తమ యింటికి దూరమై శత్రుదేశమున దినములు గడపిన ఆ యువకులు, ఎన్నడును తమకు పరిచయము కాని బాటసారుల కాళ్లకొఱకు ఎంత పొందికగా రాళ్లను పేర్చిరో చూచినపుడు నా హృదయము ఆర్ద్రమైనది. ఒక మెట్టుమీద కూర్చుండి పరికించితిని. వేలకొలది అడుగుల ఒరపిడికి రాయి నున్ననై, తడిసినచోట నల్లగా మెఱయుచుండెను. అందు చిన్న చిన్న బిళ్లలు, నడుమ రంధ్రముగల పూసలు, ఒకచోట వాని దొంతర తెగిన హారమువలె పడియుండెను. అవి క్రైనాయిడ్లు అను సముద్రజీవుల కాడతునుకలు. పువ్వువంటి శిరస్సును కాడపై నిలిపి సాగరము అడుగున ఊగులాడిన ఆ ప్రాణుల దేహములమీదనే నేడు జనులు పాదములుంచి గుట్టనెక్కుచున్నారు.

అచ్చటినుండి లోయ ఇరుకగును. చెట్లలోనుండి టిస్సింగ్టన్ స్పైర్స్ అను రాతిశిఖరములు ఒకదాని వెనుక ఒకటి తెల్లగా పైకి లేచియుండును. రేనార్డ్స్ గుహ ముందరి మహాతోరణము, కప్పు కూలిపోయిన ప్రాచీనగుహలో మిగిలిన భాగమట. మఱికొంత దూరమున ఆవలిగట్టునుండి ఐలమ్ రాక్ అను స్తంభము నిట్టనిలువుగా నిలిచియుండును. వీనినన్నిటిని ప్రత్యేకముగా వర్ణింపను. చిత్రకారులును కవులును రెండువందల యేండ్లకు పైగా ఆ పని చేయుచునేయున్నారు. నన్ను ఆకర్షించినది నీటి గమనము. ఉన్నట్టుండి చిన్న జలపాతముగా జాఱును, వెంటనే మడుగై నిలుచును, మరల జాఱును. ఇది నది సహజగుణమని మొదట తలచితిని గాని, పరికింపగా ఆ మెట్లవంటి అడ్డుకట్టలలో పెక్కు ట్రౌట్ చేపల వేటగాండ్ర సౌకర్యమునకై పూర్వులు కట్టినవని తెలిసినది. వెల్లని ఱొమ్ముగల డిప్పర్ పిట్ట ఒకటి అట్టి కట్టపై నిలిచి, తోకను తటతట ఆడించి, ఒక్కసారిగా నీట మునిగి, ప్రవాహమునకు ఎదురుగా అడుగున నడచి, ముక్కున పురుగుతో పైకి తేలినది. ఎంతసేపు చూచినను తనివి తీఱలేదు.

మిల్‌డేల్‌లో నదిపై వయేటర్స్ బ్రిడ్జి అను సన్నని రాతివంతెన కలదు. బరువులు మోయు గుఱ్ఱములు ఒకదానివెంట నొకటి దాటుటకు కట్టినది గనుక వెడల్పు మిక్కిలి తక్కువ. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన మత్స్యవేట గ్రంథమునకు ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ 1676లో రెండవభాగము చేర్చినపుడు ఈ వంతెనను అందు ప్రస్తావించెను. వంతెనకు ఆ పేరు అందలి పాత్రనుండి వచ్చినదే. కాటన్ ఈ నదీతీరముననే పుట్టి పెరిగినవాడు.

వంతెన ప్రక్కనున్న కుటీరమున టీ కొనుక్కొని గోడమీద కూర్చుండి నేను ఆలోచించినది ప్రకృతిసౌందర్యమును గూర్చి కాదు, ఈ బాటను గూర్చి. ఇక్కడ సులభమైన ప్రతి అడుగు వెనుకను ఎవరిదో శ్రమ కలదు. కొందఱి త్యాగమును కలదు. ఈ పీక్ డిస్ట్రిక్టు ప్రాంతముననే ఉత్తరమునగల కిండర్ స్కౌట్ పీఠభూమిని భూస్వాములు వేటపక్షులకై మూసియుంచిన దినములలో, 1932 ఏప్రిల్ 24న, మాంచెస్టరు పరిసరములనుండి వందలకొలది శ్రామికయువకులు సెలవుదినమున నడచుటకు తమకు హక్కు కలదని చాటుచు నిషేధమును ధిక్కరించి దానిమీదికి ఎక్కిరి. వారిలో కొందఱు చెఱసాల పాలైరి. 1949లో వచ్చిన శాసనము ప్రతి మండలమందలి కాలిబాటలను గుర్తించి పటములలో చేర్పవలెనని విధించెను. 1951లో బ్రిటను దేశపు మొదటి జాతీయోద్యానముగా పీక్ డిస్ట్రిక్టే ప్రకటితమైనది. డవ్‌డేల్‌లో అధికభాగము నేడు నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థ అధీనమున నున్నది. 1934లో సర్ రాబర్ట్ మెక్‌డూగల్ ఐలమ్ భవనమును కొని, యువకయాత్రికులకు విడిదిగా ఉండవలెనని కోరి, ఆ సంస్థకు ఒప్పగించెను. ధనవంతుడు కొన్నభూమికి కంచె వేయుట సర్వత్ర చూచునదే; కొని తలుపు తెఱచుట నాకు పూజ్యముగా తోచినది.

మిల్‌డేల్ నుండి తూర్పున మిట్టకెక్కి, గొఱ్ఱెలు మేయు పొలములమీదుగా టిస్సింగ్టన్‌కు పోతిని. సున్నముగాని మట్టిగాని లేక రాళ్లతోనే పేర్చిన గోడలు కొండలన్నిటిమీద అల్లికగా పఱచియున్నవి. గోడ మధ్య రెండు నిలువురాళ్ల నడుమ సన్నని సందు విడిచియుండును. మనిషి ప్రక్కకు తిరిగి దూఱగలడు, గొఱ్ఱె దూఱలేదు. బాట రైతు గడ్డిచేని నడుమనే పోవును. అక్కడ జనులు గడ్డి తొక్కకుండ ఒకరివెంట నొకరుగా నడతురు; రైతు దారి దున్నివేయడు. ఈ పరస్పరమర్యాద లేనిచో శాసనమొక్కటి ఏమి చేయగలదు?

మే మాసము గనుక టిస్సింగ్టన్‌లో బావుల అలంకారమునకు సన్నాహము జరుగుచుండెను. మిట్టనేలపై కురిసిన వాన రాతిపగుళ్లలో ఇంకిపోవును గావున ఎండిపోని ఊట ఈ పల్లెలకు ప్రాణాధారము. 1349లో మహామారి దేశమును నాశనము చేసినపుడు ఇక్కడివారు నిర్మలజలమువలన బ్రతికిరనియు, 1615 నాటి అనావృష్టిలో నూతులు తమను కాపాడెననియు రెండు ఐతిహ్యములు. క్రీస్తు స్వర్గారోహణదినమునకు ముందు పెద్ద చెక్కపలకలను చెరువులో నానవేసి, ఉప్పు కలిపి మర్దించిన తడిబంకమన్నును వానిపై పఱచి, బొమ్మగీసిన కాగితమును పైనుంచి సూదితో పొడిచి గీతలను మన్నుమీదికి దించుదురు. పిమ్మట గింజలతోను కాయలతోను అంచులు కట్టి, పూఱేకులను ఒకటొకటిగా అదుముదురు. ఒక కొట్టమున నలుగురు స్త్రీలు బల్లకిరుప్రక్కల వంగి ఈ పనిలో ఉండిరి. రేకులను క్రిందినుండి మొదలిడి, ఇంటిపెంకులవలె మీదిది క్రిందిదానిని కొంత కప్పునట్లు అతుకుచుండిరి. వాన పడినను నీరు జాఱిపోవుటకే ఈ ఏర్పాటు. వారిలో పెద్దామె నాకొక నీలిరేకునిచ్చి ఆకాశములో అతుకుమనెను. వ్రేలికొనతో మెల్లగా నొక్కగా చల్లని మన్ను రేకును పట్టుకొన్నది. బైబిలుకథను చిత్రించు ఆ పలక నూతిపై నిలుచునది వారముదినములే. పిదప మన్ను కడిగివేసి పలకలను మఱుసటియేటికై దాచుదురు.

పల్లె అంచున పూర్వము రైలుస్టేషను ఉండెడిది. 1899లో వేసిన బక్స్‌టన్-ఆష్‌బర్న్ మార్గము ఆదాయము లేక మూతపడగా, పట్టాలు తీసి ఆ కట్టను 1971లో జనులకు నడకదారిగా తెఱచిరి. దాటురాళ్లు దాటలేనివారికి, మెట్లెక్కలేనివారికి ఇదియే డవ్‌డేల్. రైలుకై చదునుచేసిన కట్ట గనుక చక్రములకుర్చీ కూడ సాఫీగా పోవును. అట్టి కుర్చీలో కూర్చున్న వృద్ధురాలొకతె కుమారునితో ఉత్తరముగా బయలుదేరుచుండగా పలుకరించితిని. చిన్ననాడు ఈ మార్గముననే రైలెక్కి ఆష్‌బర్న్ సంతకు పోయెడిదానననియు, ఇప్పుడు ఆదివారములందు కొడుకు ఇక్కడికి తెచ్చుననియు చెప్పెను. ఉత్తరముగానే ఏల పోవుచున్నారని అడిగితిని. ఆ దిక్కు కొంచెము ఎత్తనియు, అలసటలేని మొదట ఎత్తు త్రోసినచో తిరుగుదారిలో వాలు కలిసివచ్చి కొడుకునకు శ్రమ తగ్గుననియు ఆమె బదులు చెప్పెను.