మామ పొలం బాట

చాగలమర్రిలో హైవే దిగి మామ పొలానికి పోయే బాట నా ఫోను మ్యాపులో లేదు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా దారులు గీయొచ్చట. నేనూ గీశాను. గీయడం సులువే, అది ఏ రకమో చెప్పడమే చిక్కు. ఊళ్లను కలిపే చిన్న రోడ్డా, పొలాలకే పోయే 'ట్రాకా'? ట్రాకుల్లో మళ్లీ నేల గట్టితనాన్ని బట్టి 5 తరగతులు! మామ సంతోషిస్తాడని రోడ్డనే రాసేశాను.

ఆయన చూసి నవ్వాడు. ''వానొస్తే ఈ రేగట్లో ఎద్దులబండే దిగబడతాది. నీ మాట నమ్మి కారేసుకొచ్చినోని గతేంది అల్లుడూ?''

ఆ రాత్రే ట్రాక్‌గా మార్చాను. 5వ తరగతి... అంటే అన్నిటికన్నా మెత్తన.

పొద్దున్నే మామ అడిగాడు: ''మొత్తానికే తీసేయలేదు గదా?''