ఎర్ర నూనె, నల్ల నూనె

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మోత దాటి లోపలి సందుల్లోకి పోతే పనులు చిన్నవవుతాయి. ఒకాయన డైనమోలే చూస్తాడు. ఇంకొకాయన రేడియేటర్లకు మాట్లు మాత్రమే వేస్తాడు. పక్క షెడ్డులో అన్నదమ్ములు కమాను కట్టలతోనే సంసారాలు ఈదుకొస్తున్నారు. ఇక్కడ ఎవరికీ బండి మొత్తం అక్కర్లేదు, ఎవరి ముక్క వారిది. నేను వెళ్లింది స్టీరింగు ముక్క వాళ్ల దగ్గరికి.

మా ఇంటి ముందున్న పాత డీజిల్ బండికి పవర్ స్టీరింగ్ ఆయిలు సొంతంగా మార్చుకోవాలని నా కోరిక. ఇంజిను ఆయిలు ఇంట్లో మార్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. బ్రేకు ఆయిలు దాకా వచ్చేవాళ్లు కొందరు. స్టీరింగు ఆయిలు మాత్రం చాలా బండ్లలో కొన్నప్పటిదే ఉంటుంది. చాలా సర్వీసు పట్టికల్లో దాని ఎదురుగా చూసుకో, తగ్గితే పోసుకో అని ఉంటుందే తప్ప ఎప్పుడు తీసి పారెయ్యాలో ఉండదు. అందుకే ఆయిలు అమ్మేవాణ్ని కాకుండా, ఆయిలు పాడైతే ఏమవుతుందో రోజూ విప్పి చూసేవాణ్ని అడగాలనిపించింది.

ఆ మేస్త్రి చిన్నప్పుడు లారీ స్టీరింగు బాక్సులు కిరసనాయిలుతో కడుగుతూ పనిలో చేరాడట. ఇప్పుడు కార్ల స్టీరింగు ర్యాకులు, వాటి పంపులు ఆయన పని. గోడ వారగా సుద్దతో నంబర్లు వేసిన ర్యాకులు వరసగా పడుకుని ఉన్నాయి. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన ఆయిలు సంగతి ఎత్తకుండా, బల్ల మీద విప్పి పెట్టిన ర్యాకు కడ్డీని నా చేతికిచ్చాడు.

"గోరుతో గీకండి సార్."

మెరిసే కడ్డీ మీద ఒకచోట నువ్వు గింజంత గుంట. గోరు తట్టుకుంది. చివర ఉండే రబ్బరు తొడుగు చిరిగితే వాననీళ్లు, బురద లోపలికి వెళ్లి కడ్డీ తుప్పు పడుతుంది. ఆ తుప్పు గుంట సీలు మీదుగా వెళ్లినప్పుడల్లా సీలు పెదవిని కోస్తుంది. అక్కడినుంచి కారుడు. "దీనికి మీరు ఎంత మంచి ఆయిలు పోసినా కారేదే. ఆయిలు మారిస్తే ర్యాకు బాగుపడదండీ. బాగున్న ర్యాకు బాగుంటుంది, అంతే."

ఇంటికి బయల్దేరేలోగా ఈ మాట రెండు మూడు రకాలుగా మళ్లీ చెప్పాడు. స్టీరింగు బరువెక్కాకో, మోత మొదలయ్యాకో ఆయిలు మార్చి, తర్వాత మెకానిక్‌ని తిట్టేవాళ్ల బాధ ఆయనకు బాగా అలవాటు.

రెండో ముక్క ఇంకా సన్నపని. స్టీరింగు కడ్డీ చివర, లోపల సన్నటి ఉక్కు పుల్ల ఒకటి ఉంటుంది. మనం చక్రం తిప్పినప్పుడు టైర్లు రోడ్డును పట్టుకుని మొరాయిస్తాయి కదా, ఆ కాస్త మొరాయింపుకు ఈ పుల్ల వెంట్రుకవాసి మెలి తిరుగుతుంది. దాంతో చుట్టూ ఉన్న వాల్వులో గాళ్లు ఒక పక్కకు తెరుచుకుని, పంపు తోసే ఆయిలు ర్యాకులోని పిస్టనుకు ఆ పక్కన చేరి నెడుతుంది. చక్రం వదిలేస్తే పుల్ల మళ్లీ నిటారు, ఆయిలు ఎవర్నీ నెట్టకుండా తిరిగి డబ్బాలోకి. తిన్నగా పోతున్నప్పుడు ఒత్తిడి చాలా తక్కువ. చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే మాత్రం చాలా కార్లలో అది 100 బార్ చుట్టుపక్కలకు పోతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి 2 బార్లకు కాస్త పైన, అంతే. అందుకే చివరిదాకా తిప్పి అయిదు సెకన్లకు మించి పట్టుకోవద్దంటారు. ఆయిలు అక్కడికక్కడే కాగిపోతుంది.

ఆ వాల్వు మీద నాలుగు టెఫ్లాన్ రింగులు ఉన్నాయి. మేస్త్రి వాటిని వేలి కొసతో తిప్పి చూపించాడు. ఆయిల్లో సన్నటి లోహపు రజను తిరుగుతుంటే ఈ రింగులు కూచున్న గొట్టం లోపలి గోడ అరిగి గాళ్లు పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు రింగులు బిగుసుకుని ఆ గాళ్లలోంచి ఆయిలు జారిపోతుంది, పొద్దున్నే స్టీరింగు రాయిలా ఉంటుంది. బండి వేడెక్కాక మామూలే. 1980ల్లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లు ఈ పొద్దుటి రోగానికి పేరు మోశాయి. వాటిలో ఆ గొట్టం అల్యూమినియం, అరగడం తేలిక.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు. లారీలు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూసి మొదలెట్టి, 1926లో ఒక పియర్స్ యారో కారుకు బిగించి చూపించాడు. జనం కొనుక్కునే కారులోకి అది రావడానికి 1951 దాకా పట్టింది, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఆయిలు కథ వేరు. అప్పటికే ఆటోమేటిక్ గేరు పెట్టెల కోసం తయారైన నూనె దీనికీ సరిపోయింది. డెక్స్‌రాన్ అనే పేరు 1967లో వచ్చింది. ఎర్ర రంగు కలిపింది అందానికి కాదు, కింద చుక్క పడితే ఇంజిను ఆయిలా ఇదా అని ఇట్టే తెలియడానికి. ఆ రోజుల్లో ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం కొవ్వు కూడా కలిసేది. 1970ల మొదట్లో దాన్ని నిషేధించాక రసాయన శాస్త్రవేత్తలు కొత్త పదార్థాల కోసం కిందా మీదా పడ్డారు. ఆటోనగర్ బల్ల దగ్గర నిలబడి తిమింగలాల గురించి ఆలోచించాల్సి వస్తుందనుకోలేదు.

మధ్యాహ్నం ఆయిలు మార్చమని ఒక స్కార్పియో వచ్చింది. ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టారు. టైర్లు నేల మీద ఉంటే చక్రం తిప్పడం కష్టం, ర్యాకు మీదా అనవసరపు బరువు. మేస్త్రి డబ్బా మూత తీసి, చేతి వేలు ముంచి, తెల్ల కాగితం మీద చుక్క పెట్టాడు. చుక్క టీ డికాక్షను రంగులో వ్యాపించింది, మధ్యలో నల్ల మచ్చ. వాసన చూడమన్నాడు. కాలిన వాసన.

పెద్ద సిరంజితో డబ్బాలో ఉన్నదంతా లాగేశాడు. తర్వాత డబ్బాకు తిరిగొచ్చే పైపు క్లిప్పు వదులు చేసి, పైపును ఖాళీ నీళ్ల సీసాలో దూర్చాడు. డబ్బా దగ్గర ఆ పైపు చోటుకు రబ్బరు మూత. ఒత్తిడి పైపు జోలికి పోనేలేదు. "దాన్ని ఇంటి దగ్గర ముట్టుకోవద్దు సార్. మీకు కావలసింది సన్న క్లిప్పు ఉన్నది." కుర్రాడు డ్రైవరు సీట్లో కూచున్నాడు.

"ఒరేయ్, ఇంజిను వెయ్యమాక. మెల్లగా తిప్పు. ఆ చివర్నుంచి ఈ చివరికి."

తిప్పినప్పుడల్లా సీసాలోకి నల్లటి నూనె వెక్కుతూ వచ్చింది. డబ్బాలో కొత్తది దిగుతుంటే మేస్త్రి పోస్తూనే ఉన్నాడు. ఈ పనిలో దృష్టి పెట్టవలసింది ఇక్కడే. డబ్బా ఒక్కసారి ఖాళీ అయితే పంపు గాలి మింగుతుంది. ఆ గాలి వదిలించుకోవడం ఆయిలు మార్చడం కన్నా పెద్ద పని. కొందరు పైపు ఊడదీసి ఇంజిను కూడా స్టార్టు చేస్తారు. పంపు కొన్ని సెకన్లలోనే డబ్బా ఊడ్చేస్తుంది కాబట్టి, పోసేవాడికి చెయ్యి అలవాటు లేకపోతే అది వద్దని ఆయన గట్టిగా చెప్పాడు. సీసాలోకి వచ్చేది నల్లనుంచి గోధుమకు, గోధుమనుంచి ఎరుపుకు తిరిగాక ఆపాడు. మొత్తం పట్టేది లీటరు చుట్టుపక్కలే అయినా, కడగడానికి పోయేదాంతో కలిపి రెండో లీటరు కూడా విప్పారు.

పైపు మళ్లీ బిగించాక, ఇంజిను ఆపే ఉంచి ఈ చివరినుంచి ఆ చివరికి చాలాసేపు తిప్పించాడు. బుడగలు రావడం తగ్గింది. అప్పుడు స్టార్టు చేసి, కాసేపు అలాగే వదిలి, మళ్లీ మెల్లగా తిప్పించి, డబ్బాలోకి టార్చి వేశాడు. నూనె నురగతో గులాబి రంగు పాలలా కనిపిస్తే లోపల గాలి ఉన్నట్టే, గుయ్యిమనే మోతా దానివల్లే. అలాంటప్పుడు ఇంజిను ఆపి అరగంట ఊరుకోవడమే మందట. ఇది అలా లేదు.

షోరూముల్లో ఈ పనికి పెట్టే మిషన్ల గురించి అడిగితే పెదవి విరిచాడు. నాకూ అవి అనవసరమనిపించింది, పైగా ఇంట్లో చేసుకునేవాడికి ఇంతకన్నా తేలిక దారి ఒకటుంది. పైపులేవీ ఊడదీయకుండా, సిరంజితో డబ్బాలోది తీసి కొత్తది పోసి, కొన్ని రోజులు బండి నడిపి, మళ్లీ అదే చెయ్యడం. డబ్బాలో మొత్తం నూనెలో మూడో వంతు ఉంటుందనుకుంటే, అయిదు విడతలకు పాతది ఏడో వంతు కూడా మిగలదు. కాస్త నూనె వృథా, నడుము మాత్రం భద్రం.

ఏం పోయాలన్నది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దన్నాడు. డబ్బా మూత మీద, బండి పుస్తకంలో ఏముంటే అదే. కొన్ని బండ్లకు ఆకుపచ్చ నూనె, హోండాలకు వాళ్లదే. టాక్సీ నడిపే ఒకాయన దారిలో ఆయిలు తగ్గిందని బ్రేకు ఆయిలు పోశాడట. ఆ బండి సీళ్లను మేస్త్రి వేరే ఒక డబ్బాలో దాచి ఉంచాడు. ఉబ్బి, మెత్తబడి, వేళ్ల మధ్య నలిగిపోయేలా ఉన్నాయి. బ్రేకు ఆయిలు గ్లైకాల్ జాతిది. ఖనిజ నూనెకు తయారైన రబ్బరు దాన్ని భరించలేదు. ర్యాకు, పంపు, పైపులు అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. కారుడు ఆపుతాయని సీసాల్లో అమ్మే మందులు కూడా సీళ్లను ఉబ్బించే పనే చేస్తాయి, కాస్త మర్యాదగా.

ఈ పని ఎన్నాళ్లుంటుందో ఆయనకు తెలుసు. 1988లో సుజుకి తన సర్వో కారుకు కరెంటు మోటారుతో స్టీరింగు పెట్టింది. ఇప్పుడు చిన్న కార్లలో అదే మామూలు. వాటికి పంపూ లేదు, డబ్బా లేదు, మార్చడానికి నూనే లేదు. "క్వాలిస్‌లు, సుమోలు, బొలేరోలు ఉన్నన్నాళ్లూ మేముంటాం" అన్నాడు. బాధపడుతున్నట్టేమీ కనిపించలేదు. ఆ సందు నిండా అవే ఉన్నాయి.

బయల్దేరే ముందు నా బండి కిందికి దూరి ర్యాకు చివరి రబ్బరు తొడుగుల్ని రెండు పక్కలా పిసికి చూశాడు. లోపల నూనె చేరి ఉంటే చేతికి బరువుగా, తడిగా తగులుతుంది. పొడిగా ఉన్నాయి. "మీరు చేసుకోవచ్చు సార్. తడిగా ఉంటే మాత్రం ఆయిలు డబ్బులు దండగ, నా దగ్గరికి తెచ్చెయ్యండి."

ఆదివారం ఇంటి దగ్గర మా అబ్బాయిని చక్రం దగ్గర కూచోబెట్టి కానిచ్చాం. డబ్బా అడుగున జాలీకి అంటుకున్న జిగురు బురద కడగడానికే ఎక్కువసేపు పట్టింది. పాత నూనెను కాలవలో పొయ్యడం చట్టవిరుద్ధమే, వాడిన నూనెను 2016 నాటి వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కేస్తాయి. సీసాల్లో నింపి ఆటోనగర్ పట్టుకుపోతే మేస్త్రి తన పీపాలో పోయించాడు. పాత నూనె కొనేవాళ్లు వచ్చి పట్టుకుపోతారట. నా సీసాను వెలుగుకెత్తి చూసి, "మీది పెద్ద నలుపు కాదులే సార్" అని, మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీద 'కోల్డ్' గీత దగ్గర మట్టం ఒకసారి చూసుకోమని చెప్పాడు.